మూఢంలో ఆగిపోయిన ఇల్లు

మా ఇంట్లో సజ్జ మీద ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. పద్మారావు నగర్‌లోని ఈ ఫ్లాట్‌కి వచ్చిన కొత్తలో పైకెక్కించిన సామాను అలాగే ఉండిపోయింది, దాని మీద ఏటేటా ఇంకొంత చేరింది. ఈ వానాకాలం బాత్రూం పైపు కారి గోడంతా చెమ్మెక్కింది. ప్లంబర్ వచ్చి, సజ్జ ఖాళీ చేస్తే తప్ప తన చెయ్యి లోపలికి పోదని తేల్చి చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన స్టూలెక్కి ఒక్కొక్కటీ అందిస్తూ, ప్రతి సామానుకూ ఒకసారి తుమ్మి, తుమ్మినప్పుడల్లా నావైపు చూశారు. ఆ దుమ్మంతా నేనే కష్టపడి పోగుచేసినట్టు.

రెక్క ఊడిన ఫ్యాను దిగింది. ఎవరిదో తెలియని పక్కబట్టల హోల్డాల్ దిగింది. అన్నిటికంటే చివర, నా పాత వాయిల్ చీరలో మూటగట్టిన పెద్ద అట్టపెట్టె దిగింది. ముడి విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. మా అన్నా నేనూ కలిసి మా అమ్మాయి కోసం కట్టిన బొమ్మరిల్లు.

కట్టిన అంటే పూర్తిగా కట్టిన అని కాదు. రెండంతస్తులు, మెట్లు, మూసి తెరిచే కిటికీ రెక్కలు, చీపురు పుల్లలతో బాల్కనీ కటకటాలు, అన్నీ ఉన్నాయి. ముందు గోడలో మాత్రం పళ్లూడిన నోరులా ఓ కంత. ఆ ఇంటికి దర్వాజ లేదు.

యాప్రాల్‌లో కాపురం ఉంటున్న మా అమ్మాయికి వీడియో కాల్ చేసి చూపించాను. కళ్లు పెద్దవి చేసుకుని, "అమ్మా, అది నా కోసమా? నేను అడిగింది సైకిల్ కదా?" అంది. నిజమే. అది మూడో తరగతిలో ఉండగా సైకిల్ కావాలని గోల చేస్తే, ఇల్లు కట్టిస్తే మర్చిపోతుందిలే అనుకున్నాం. అది మర్చిపోలేదు. సైకిల్ కొన్నాం, ఇల్లూ మొదలుపెట్టాం. ఆరు నెలల్లో సైకిల్ మీద దాని మోకాళ్లు పగిలాయి, ఇంటి వైపు అది కన్నెత్తి చూస్తే ఒట్టు. అప్పటికి అది మా అన్నదీ నాదీ అయిపోయింది.

మా అన్నది మెట్టుగూడలో మా నాన్న కట్టిన ఇల్లే. అన్న రైల్వేలో, పెట్టెలు బాగుచేసే షాపులో వడ్రంగిగా పనిచేశాడు. ఆదివారం వస్తే నేను అక్కడికి చేరేదాన్ని. పాత చెప్పుల అలమర విప్పి అన్న పలకలు కోసేవాడు, నేను గరుకు కాగితంతో రుద్దేదాన్ని. మా వదిన తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఇంజనీరు పని చేసేది.

"సింహద్వారం దక్షిణం దిక్కు పడ్డది, జెర చూసుకోండ్రి" అందొక ఆదివారం.

అన్న లేచి, టీపాయ్ మీది ఇంటిని రెండు చేతులతో పట్టుకుని గిర్రున తిప్పాడు. "ఇగో, ఇప్పుడు తూర్పు. ఇంకేమన్న ఉన్నదా?"

ఉంది. వదిన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పూజ గది మీద స్నానాల గది రాకూడదంది. అన్న దాన్ని తీసి పక్కకు పెట్టబోతే అక్కడ ఈశాన్యం అంది. విసుగొచ్చి అన్న ఆ గదే ఎత్తేశాడు. మా అమ్మాయి ఇల్లంతా తొంగి చూసి, "మరి బొమ్మలు బాత్రూంకి ఎటు పోతాయి?" అని అడిగింది. "బయటికి" అంది వదిన, ఏ మాత్రం తడుముకోకుండా.

ఇక దర్వాజ, అంటే ద్వారబంధం. నిజం ఇళ్లకైతే దర్వాజ నిలబెట్టడం చిన్న పండగ. పసుపు రాసి, మామిడాకులు కట్టి, ఇంటి ఆడబిడ్డతో బొట్లు పెట్టించి, ఆమెకు చీర పెట్టి గానీ పైపని సాగనివ్వరు. అన్న దాన్ని ఆఖరికి ఉంచాడు. విరిగిన కుర్చీ చెయ్యిని చెక్కి, అగ్గిపెట్టె అంత టేకు దర్వాజ చేశాడు. గడప కూడా ఉంది దానికి. గడప మీద గోటితో తడిమితే తెలిసేటంత సన్నగా ఓ పువ్వు కూడా చెక్కాడు. జిగురు డబ్బా మూత తీశాం. అప్పుడు వదిన గోడ మీది క్యాలెండర్ చూసి, "ఏందీ, మూఢంల దర్వాజ నిలబెడుతరా?" అంది.

బొమ్మలింటికి మూఢమేమిటని నేను నవ్వాను. "ఇల్లు చిన్నదైతే మూఢం సుత చిన్నగైతదా?" అంది. అన్న నావైపు చూసి, జిగురు డబ్బా మూత పెట్టేశాడు. మూఢం పోయింది, ఆషాఢం వచ్చింది. ఆషాఢం పోయేసరికి అన్నకు నైట్ డ్యూటీలు పడ్డాయి. ఆ తరవాత వాళ్లింట్లో చెదలు పట్టాయని ఇంటిని మా సజ్జ మీదికి పంపించారు. సృష్టిలో ముహూర్తం కోసం ఇన్నేళ్లు ఆగిన ఇల్లు ఇంకోటి ఉండదు.

దాన్ని చూడగానే నాకు బుద్ధి పుట్టింది, మెట్టుగూడ పట్టుకెళ్లాలని. ఇంటి మీద ప్రేమతో కాదు. నాకు మా అన్న కావాలి.

రిటైరైనప్పటి నుంచీ అన్న మనిషి మారిపోయాడు. ఫోన్ చేస్తే ఆ, ఊ. పెళ్లికి పిలిస్తే అక్షింతలు వేసి బంతికి కూర్చోకుండా వచ్చేయడం. మా ఇంటికొచ్చి ఎన్నాళ్లయిందో. వదినను అడిగితే, "టీవీ ముంగట కూసుంటడు. ఛానల్ సుత మార్చడు. ఏది వస్తే అదే చూస్తడు" అంది. వ్యవసాయం కార్యక్రమాలతో సహా అన్నీ చూస్తున్నాడట. నామీద ఏదైనా కోపమేమోనని రాత్రుళ్లు లెక్కలు వేసుకుని, దొరక్క, నాకే ఆయన మీద కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ నన్ను వెనకేసుకొచ్చిన మనిషి, చెప్పాపెట్టకుండా నా జీవితంలోంచి లేచి వెళ్లిపోవడమేమిటి?

శ్రావణ శుక్రవారం వదిన బొట్టుకు పిలిచింది. ఇదే సందని ఇంటిని ఆటో ఎక్కించాను. డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏందమ్మా, గణేశుని మండపమా?" అన్నాడు.

"కాదు బాబూ, ఇల్లు."

"ఫ్లాటా, ఇండిపెండెంటా?"

"ఇండిపెండెంటే."

"మస్తుగున్నది. ఎన్ని గజాలు?" అని అడిగి, తనే నవ్వుకుంటూ మెట్టుగూడ దాకా గుంతలన్నీ తప్పించి తీసుకెళ్లాడు. నేను ఒళ్లో మేడ పెట్టుకుని రాణిలా కూర్చున్నాను.

అన్న ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు. టీవీలో ఎవరో మిరప తెగుళ్ల గురించి చెబుతున్నారు. ఉక్కపోతగా ఉన్నా ఒళ్లో తువ్వాలు పరుచుకుని, చేతులు దాని కింద పెట్టుకున్నాడు. ఇంటిని ఎదురుగా టీపాయ్ మీద పెట్టాను. చూసి, ముందుకు వంగి, మొహం విప్పారి, అంతలోనే మళ్లీ వెనక్కి వాలాడు.

"ఇప్పుడెందుకు తెచ్చినవ్ దీన్ని?"

"దర్వాజ పెట్టాలె."

"మంచి రోజు గాదు."

వంటింట్లోంచి వస్తున్న వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. శ్రావణ శుక్రవారం పూట, తలకు పోసుకుని, పసుపు పాదాలతో నిలబడి, నావైపు చూసింది. జన్మలో క్యాలెండర్ చూడని మనిషి మా అన్న. ఏదో ఉందని నాకు అప్పుడు తట్టింది, ఏమిటో మాత్రం తట్టలేదు.

"అయితే నేనే పెడతా" అన్నాను. మొండితనంలో నాకు పోటీ లేదు. దర్వాజ పాత గుడ్డలో చుట్టి, ఆ బొమ్మరింట్లోనే మెట్ల కింద భద్రంగా ఉంది. దాని చుట్టూ నేను తెచ్చిన కొత్త జిగురు పూసి, కంతలోకి దూర్చాను. చక్కగా పట్టింది. వెనక్కి జరిగి నా పనితనం చూసుకుంటున్నాను.

"ఓసి నీ! తలకిందులు పెట్టినవ్! గడప మీదికి పోయింది చూడు!" అని అన్న అరిచాడు. నేను కావాలని చేయలేదు, నిజంగానే గడప ఏదో చూసుకోలేదు. జిగురు ఆరిపోతుందన్న కంగారులో అన్న తువ్వాలు నెట్టేసి దర్వాజ పీకడానికి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి వణుకుతోంది. మామూలు వణుకు కాదు. వేళ్లు వేటికవే కొట్టుకుంటున్నాయి. దర్వాజ చేతికొచ్చింది గానీ నిలవలేదు, గోడ పొడవునా జిగురు పులిమి కింద పడింది. అన్న చెయ్యి వెనక్కి లాక్కుని తువ్వాలు కింద పెట్టుకున్నాడు. టీవీలో మిరప తెగుళ్లు నడుస్తూనే ఉన్నాయి.

"చూసినవ్ గదా" అన్నాడు.

"ఎప్పటి సంది?"

"రిటైర్ గాకముందు సంది. కొంచెం కొంచెం షురూ అయింది. ఇప్పుడు గిట్ల. చాయ్ పట్టుకుంటె ఒలుకుతది. బంతిల కూసుంటె అన్నం నోటికాడికి వచ్చేదాంక సగం రాలుతది. అందరు చూస్తరు. నా చెయ్యి అంటె షాపుల ఎట్లుండె!" అన్నాడు.

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీకు చెప్తె ఒట్టని తల మీద చెయ్యి పెట్టించుకున్నడు. నేనేం జేద్దు?"

నాకు ఏడుపు రాలేదు, ముందు ఒళ్లు మండిపోయింది. "నేను నీ గురించి ఎన్ని రాత్రులు పరేషాన్ అయిన్నో ఎరుకేనా? ఏం తప్పు జేసిన్నా అని దేవులాడుకున్న. నీ చెయ్యి వణికితె నాకేం తక్లీఫ్ లేదు. నువ్వు మాట్లాడకపోతెనే తక్లీఫ్" అని గట్టిగానే అరిచాను. పక్కింటివాళ్లు టీవీ తగ్గించినట్టున్నారు. అరుపు మధ్యలోనే వచ్చింది ఏడుపు. సాయంత్రం బొట్టుకు వచ్చేవాళ్లు చూస్తే ఏమనుకుంటారని ఆపుకోబోతే ఇంకా వచ్చింది. ఇన్నాళ్లూ నామీద కోపం కాదని తెలిసిన సంతోషం కూడా అందులో కలిసి ఉందని, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ముక్కు చీదుకుంటూ వదినే అంది, "ఏడ్సుడు తర్వాత. జిగురు ఆరిపోతున్నది."

ఈసారి ఇద్దరం పెట్టాం. బొమ్మరింటికి వెనక గోడ ఉండదు కాబట్టి అన్న వెనక నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, అరచేతి బరువంతా వేసి దర్వాజను లోపలి నుంచి ఒత్తి పట్టాడు. నేను బయటి నుంచి రెండు వేళ్లతో ఆనించాను. బరువు పడేసరికి అన్న వణుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ సన్నటి అదురు చెక్కలోంచి వచ్చి నా వేళ్లకు తగులుతూనే ఉంది. ఇద్దరం అలాగే ఉన్నాం. ఎవరూ టీవీ కట్టేయలేదు. మిరప అయిపోయి పసుపు సాగు మొదలైంది.

చేతులు తీశాక అన్న ఒక కన్ను మూసి చూశాడు. "జెర ఎడమకు ఒరిగింది."

"ఒరగనియ్."

"ఒరగనియ్ అంటె ఎట్ల? మా షాపుల గిట్ల జేస్తె లోపలికి రానియ్యరు" అని నవ్వాడు. ఎన్నాళ్లకో.

వదిన అగ్గిపుల్లతో గడపకు పసుపు రాసింది. కుంకుమ బొట్లు ఆడబిడ్డే పెట్టాలని పుల్ల నా చేతికిచ్చింది. మామిడాకును కత్తెరతో గోరంత ముక్కలు చేసి దారానికి గుచ్చి, దర్వాజకు కట్టింది. లోపలికెళ్లి పచ్చ రంగు జాకెట్ ముక్క తెచ్చి నాకు బొట్టు పెట్టి చేతిలో పెట్టింది. చీర ఏదని అడిగితే, ఇంత ఇంటికి ఇంత ముక్క చాలంది.

వదిన పూజ పళ్లెం సర్దడానికి లోపలికి వెళ్లింది. అన్న ఇంటి వైపే చూస్తున్నాడు. నావైపు చూడకుండానే, చాలా మెల్లిగా అన్నాడు.

"చెల్లె, దవాఖానల చూపెట్టుకోవాలె. నువ్వు రారాదు? ఒక్కన్నే పోవాలంటె భయమైతున్నది."

చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి పోవాలంటే నేను లేపేది ఆయన్నే. నడుస్తున్న బండి ఎక్కడం, తేలు పట్టడం, నాన్నకు ఎదురు చెప్పడం, ఏదైనా ఆయనే. ఆయన నోట భయం అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఆ చేతిని తీసి నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను.

"రేపు తొమ్మిదింటికి ఆటో తీసుకొని వస్త, తయారైయుండు" అన్నాను.

"ఎనిమిదింటికే రా" అన్నాడు.