తాంబూలాలూ, వెనక ఇరుసూ

మా బావ కారు విప్పేశాడని తెలిసిన రోజు మా నాన్న అన్నం సగంలో లేచిపోయాడు. విప్పినందుకు కాదు, మేం నువ్వులు ఎండబోసే చోట విప్పినందుకు.

అరవైల చివరి మాట ఇది. బొబ్బిలి దగ్గర మా ఊరు. బావ మా మేనత్త కొడుకు, గరివిడిలో ఫిట్టరు పని చేసేవాడు. పట్నం తరలిపోతున్న ఒక జమీందారీ ఇంటివాళ్ళు షెడ్డులో పడి ఉన్న రెండు సీట్ల ఎర్రకారును తీసుకుపొమ్మంటే, ఎడ్లచేత లాగించి మా వాకిట్లోకి తెచ్చాడు. ఒకప్పటి పందేల కారు. టాపు లేదు, ముక్కు మాత్రం ఇంత పొడుగు. నాకు ఆ కారు చూడగానే నచ్చింది. బావ అంతకు చాలా ముందే నచ్చాడు. మా పెళ్ళి మాట రెండిళ్ళలోనూ నలుగుతోంది కానీ నాన్నకి అతని మీద గురి లేదు. చిన్నప్పుడు మా గోడ గడియారం విప్పి మళ్ళీ బిగించలేదని ఆయన కోపం. అది ఎన్నేళ్ళయినా చల్లారలేదు.

కారు ఇంజను బాగానే ఆడింది. బండి కదిలితే మాత్రం వెనక ఇరుసు దగ్గర ఒట్టి తిరగలి తిప్పినంత గోల. ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేదాన్ని డిఫరెన్షియల్ అంటారని బావ చెప్పాడు. ఇంజను తిప్పే తిప్పుడు అందులోంచే రెండు చక్రాలకీ పోతుందట. మా మామ్మ దాన్ని గుండిగ అనేది. దాని లోపల బేరింగు నలిగిపోయింది. దాంతో బావ గుండిగను ఊడదీసి నేలమీద పెట్టాడు.

నాన్న వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఇప్పడం ఎవుడికైనా వస్తాది. ఈ బండి నన్నెక్కించుకోని పొలిమేర దాటిన్నాడు తాంబూలాలు పుచ్చుకుంటాను. లేదంటే ఆ ఊసు నా దగ్గరెత్తొద్దు" అన్నాడు.

"అలాగే మావా" అన్నాడు బావ, అదేదో బీడీ తెమ్మన్నంత తేలిగ్గా.

నా పెళ్ళి పోయి పోయి ఆ ఇనప గుండిగలో పడింది. అయినా ఆలు లేదు చూలు లేదన్నట్టు, కారెక్కేటప్పుడు ఏ చీర కట్టుకోవాలో నేను అప్పుడే తేల్చేసుకున్నాను.

ఆదివారం వస్తే బావ వచ్చేవాడు. నేను కిరసనాయిలుతో సామాన్లు కడిగేదాన్ని. కొత్త బేరింగు వేశాక, లోపలి పళ్ళచక్రాలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడాలన్నాడు. పళ్ళకి రంగు పూసి తిప్పి, అది ఎక్కడ చెరిగిందో చూస్తారట. రంగెక్కడిది? నా కాటుక బరిణె తెచ్చి ఆముదంతో కలిపి ఇచ్చాను. తిప్పాడు. ప్రతి పన్నుకీ నడిమధ్యన చెరిగింది. "నీ కాటుక మంచిదే" అన్నాడు, మొహం నిండా మసితో. ఆ పూటంతా నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

బిగించే రోజు గుండిగను పీటమీద పెట్టాం. మామ్మ దాని నెత్తిన పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి, హారతిచ్చింది. బావ దాన్ని కారు కిందికి దొర్లించి ఇరుసుకి ఆనించాడు. మామ్మ వంగి చూసి గతుక్కుమంది.

"ఒరే, బొట్టెట్టింది కిందకెట్టీసినావేటిరా. దుమ్మంతా దానికే కొడతాది. పైకి తిప్పు."

"ఎటు తిప్పినా బోల్టులు అందుతన్నాయిలే అమ్మమ్మా" అని బావ దాన్ని తలకిందులు చేసి బిగించేశాడు. అతను నన్ను చూస్తున్నాడు, నేను అతన్ని చూస్తున్నాను, గుండిగను చూసినవాళ్ళు లేరు. నాన్న అరుగుమీద చుట్ట కాలుస్తూ మా అందర్నీ చూస్తున్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు, మాకు అప్పుడే పండగైపోయింది. నాన్న కొత్త కండువా వేసుకుని ఎక్కి కూర్చున్నాడు. కారు ముక్కు వీధి గుమ్మం వైపు ఉంది. బావ మొదటి గేరు వేశాడు. కారు గోల లేకుండా, వెన్నపూసలా కదిలింది. కదిలింది పెరటి వైపు.

బావ గభాలున ఆపాడు. ఇంకో గేరు వేశాడు. అదీ వెనక్కే. అప్పుడు అతని మొహం చూడాలి. గుండిగ తలకిందులైతే లోపలి పళ్ళచక్రం ఈ పక్కది ఆ పక్కకి పోతుందని, బండి చక్రాలు వెనక్కి తిరుగుతాయని అతనికి అప్పటిగ్గానీ తట్టలేదు. మళ్ళీ గడియారమే అనుకున్నాను.

"ఏటైనాదిరా?" అంది మామ్మ.

బొట్టు సంగతి చెబుతాడని చూశాను. మామ్మ మీదికి తోసేస్తే నాన్న ఏమీ అనలేడు. బావ చెప్పలేదు. "నాదే తప్పమ్మమ్మా. తిరగేసి బిగించీసినాను. ముందుకెళ్ళీ గేర్లన్నీ ఎనక్కెళ్తన్నాయి" అన్నాడు. నాన్న వైపు తిరిగి, "ఈరోజుకి దిగిపో మావా" అన్నాడు.

నాన్న దిగలేదు. మామ్మను చూశాడు, బావను చూశాడు. ఆ తర్వాత మెడ తిప్పి, పెరటి గుమ్మం దాటి పొలాల్లోకి పోయే బండిదారిని చూశాడు.

"పొలిమేర ఎనకాల కూడా ఉన్నాదిరా. పోనియ్" అన్నాడు.

పోనిచ్చాడు. కోళ్ళు ఎగిరాయి, పాలేరు గడ్డిమోపు వదిలేసి పక్కకి గెంతాడు. కారు వెనక్కి పోతుంటే మేమంతా వెంట పరుగెత్తాం. మామూలుగా పోయేవాళ్ళ వీపులే కనబడతాయి. ఇక్కడ నాన్న మొహం మావైపే ఉంది. బావ మెడ విరిగేలా వెనక్కి తిరిగి చూస్తూ నడుపుతున్నాడు. నాన్న కండువా ఎగిరి మొహాన పడుతుంటే తీసేసుకుంటూ పడీపడీ నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వగలడని నాకు తెలియదు. పరుగెత్తుతూనే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

పొలిమేర రాయి దాటాక కారాగింది. రొప్పుకుంటూ అందుకున్న మామ్మతో నాన్న, "అమ్మా, సెల్లికి కబురంపు. తాంబూలాలు పుచ్చుకుందాం" అన్నాడు.

"అలాగేరా. శ్రావణంలో మంచిరోజు సూద్దాం" అంది మామ్మ.

ఆడపిల్లను, తల దించుకుని నిలబడాల్సినదాన్ని. జుట్టు ఊడిపోయి, చెప్పులెక్కడో పోయి, ఊపిరాడక మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని ఉన్నాను. "శ్రావణం దాకా ఎందుకు మామ్మా, ఈ వారంలోనే సూడండి" అన్నాను.