మా అత్త పెట్టిన చీమ పరీక్ష

మా అత్త అలివేలమ్మది ప్రొద్దుటూరు. కోపం వచ్చినా రాకపోయినా ఆమె గొంతు పెన్న అవతలి గట్టుకు వినబడేది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు తొలికాన్పు. తల్లి లేని పిల్లనని పురుటి బాగోగులు మా అత్తే చూసింది. జమ్మలమడుగు ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే నన్ను చీకటి గదిలో నులకమంచం మీద పడేసింది. చెవుల్లో దూది, నడుముకు బిగించి కట్టిన పాత చీర, మంచం కింద నిప్పుల కుంపటి. బాలింత కదలకూడదట. కదిలితే పాలు విరిగిపోతాయట!

పడుకుని పడుకుని నా నడుము రోకలిబండలా బిగిసింది. వచ్చేటప్పుడు నర్సమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది: వెల్లకిలా పడుకుని ఒక్కో కాలు మెల్లగా ఎత్తి దించమని. అత్త పెరట్లోకి పోగానే మొదలుపెట్టాను. నేను నోరు మూసుకున్నా మంచం మూసుకోదే, కిర్రుకిర్రుమంది.

"ఏమే జయా, మంచం ఏంటికట్ల అరుస్తాంది?"

"నల్లులత్తా! దులుపుతాండా."

అంతే, మంచం ఎండలోకి పోయింది. దాని మీద కాగే నీళ్లు పడ్డాయి. నాకు నేల మీద చాప వచ్చింది. చాప అరవదు.

దాంతో ధైర్యం ఎక్కువైంది. ఒకరోజు ఆ కుంపటి సెగలోనే ఒళ్లంతా చెమట కారేదాకా కాళ్లెత్తాను. అప్పుడే పిల్లోడు లేచాడు. రొమ్ముకు పెట్టుకుంటే ఒక్కసారి చప్పరించి మొహం తిప్పుకున్నాడు. రెండోవైపు పెట్టినా అంతే. ఇల్లెగిరిపోయేలా ఏడుపు. అత్త పరిగెత్తుకొచ్చింది. భయంతో జరిగిందంతా చెప్పేశాను.

"సంపినావు గదే! పాలు ఇరిగిపోయినాయి. ఇంగ పిల్లోనికి మేకపాలే గతి. ఓ ఖమర్‌బీ! నీ మేకను తోలుకోని రా!"

పక్కింటి ఖమర్‌బీ మేకతో సహా వచ్చి గడపలో నిలబడింది. నేను బతికుండగా నా బిడ్డ మేకకు బిడ్డవుతాడా?

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా. ముందు చీమనేసి సూడు" అన్నాను.

ఆ కాలంలో పాలకు పరీక్ష చీమే. ఈది బయటికొస్తే పాలు మంచివి, చస్తే చెడ్డవి. అత్త ఉగ్గుగిన్నెలో నా పాలు పిండించి, గోడ మీద పోతున్న గండుచీమను పట్టి వేసింది. అది కూడా నాలాగే కాసేపు కాళ్లెత్తి దించి, చచ్చిపోయింది.

"సూసినావా!" అంది అత్త.

నేను ఘొల్లుమన్నాను. ఖమర్‌బీకి మాత్రం అనుమానం వచ్చింది. "అక్కా, నా మేకపాలల్లో గూడా ఒకటేసి సూడు. రేపు మళ్లా నా మేకను అంటావు."

వేశారు. చచ్చింది. మంచినీళ్లలో వేశారు. అదీ చచ్చింది.

"సీమకు ఈత రాకపోతే పాలేం జేస్తాయక్కా?" అంది ఖమర్‌బీ. ఈ సందట్లో మేక నా నడికట్టు కొస నమలడం మొదలుపెట్టింది.

అత్తకు ఓడిపోవడం అలవాటు లేదు. నా రొమ్ము మీద వేలు రాసి నాలుకకు పెట్టుకుంది.

"పులుపు గాదే, ఉప్పు! సెమట గూడా తుడ్సకుండా నోట్లో పెడితే ఎట్ల తాగుతాడు? వాడేమన్నా ఊరగాయ తింటాండాడా?"

తడిగుడ్డతో తుడిచింది. పిల్లోడు పట్టుకున్నాడు. గుటకలు గడప దాకా వినబడ్డాయి. అత్త కళ్లు తుడుచుకుని, కుంపటి పొగ అంది.

మర్నాడు ఆమే తడిగుడ్డ పట్టుకుని చాప పక్కన కూర్చుంది. "ఊ, ఎత్తు. ఇంగా పైకి. తిన్న కూడు యాడికి పోయింది?"

ఆ మరుసటేడు ఆడబిడ్డ కమల పులివెందుల నుంచి కాన్పుకొచ్చింది. కాన్పయి నెల తిరగకముందే అత్త దాన్నీ చాప మీద వేసి కాళ్లెత్తించింది.

"నువ్వు దెచ్చిన పీడే గదా వదినా ఇది!" అని కమల నన్ను తిట్టింది.

వాకిట్లో అత్త వీధి ఆడవాళ్లకు చెబుతోంది: "మా ఇంట్ల శానా దినాల్నించి ఉండే పద్ధతే ఇది. కోడలికి గూడా నేనే నేర్పినా."

నేను తడిగుడ్డ పిండి కమలకిచ్చాను.