గ్రేసమ్మగారి స్టీలు పట్టీ

ఆత్మకూరులో మా అమ్మాయి అద్దెకుంటున్న ఇంటి వెనక గేట్లు, గ్రిల్లులు చేసే షెడ్డు ఒకటి ఉంది. అక్కడ స్టీలు రేకు కోస్తుంటే ఆ కీచు చప్పుడుకు పళ్లు జివ్వుమంటాయి. వెంటనే కాలిన వాసన వస్తుంది. వీధిలో అందరూ కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం తెరుచుకుంటాను. ఆ వాసన తగిలితే చాలు, ఉదయగిరి హాస్టల్ మేట్రన్ గ్రేసమ్మగారు చేతిసంచీ చంకన పెట్టుకుని గదిలోకి వచ్చి, తలుపు గొళ్లెం ఒకసారి లాగి చూసి, "ఇది ఎన్నాళ్లు ఉంటాది పెంచలమ్మా?" అని అడిగినట్టే ఉంటుంది.

ఆమె గురించి ఇంతకుముందే రాయవలసింది. మొదట్లో అక్షరాలు రాక రాయలేదు. నలభై దాటాక అక్షరాలు వచ్చాయి గానీ అప్పుడు భయంతో రాయలేదు. నేను రాసింది ఏది కంటబడినా ఆమె ఎర్ర పెన్ను తీసేవారు. ఒకసారి నేను సరుకుల చీటీ రాస్తే అందులో చింతపండునూ కందిపప్పునూ దిద్ది, కింద "బాగుంది, ఇంకా శ్రద్ధ అవసరం" అని రాసి మరీ దుకాణానికి పంపారు. శెట్టి అది తనకే రాశారనుకుని ఆ రోజు తూకం సరిగ్గా వేశాడు. పోయిన చలికాలంలో ఆమె కన్నుమూశారు. ఇక దిద్దేవాళ్లు లేరు గనుక ధైర్యం చేస్తున్నాను. అయినా ఒక్కో వాక్యం కాగానే వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

మాది సీతారామపురం దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. వానలు లేని ఏడు మంద అమ్మేసి మా ఆయన బెంగుళూరికి కూలికి పోయాడు. నేను మా సుజాతను వెంటబెట్టుకుని ఉదయగిరి వచ్చి, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరాను. సుజాత అక్కడే ఉండి చదువుకునేది. గ్రేసమ్మగారు పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. ఏ వస్తువు చూసినా ఆమె అడిగేది ఒకటే: ఎన్నాళ్లు ఉంటాది? చీపురు కొన్నా అదే ప్రశ్న, బకెట్ కొన్నా అదే ప్రశ్న. ఇద్దరు పిల్లలు పోట్లాడుకుని మాటలు మానేస్తే, "ఈ అలక ఎన్నాళ్లు ఉంటాది? అన్నాల గంట దాకానా, ఆ తరవాత కూడానా?" అని అడిగేవారు. గంట కొట్టేలోపు అలక పోయేది.

ఆమె గట్టిగా నమ్మినవి రెండు. ఒకటి బైబిలు, రెండోది స్టెయిన్‌లెస్ స్టీలు. ఎన్ని తరాల పిల్లలు నేలకేసి కొట్టినా హాస్టల్ పళ్లేలు చెక్కు చెదరలేదని ఆమెకు ఆ లోహం మీద గౌరవం. మంచి స్టీలుకు అయస్కాంతం అంటుకోదని ఎవరో చెబితే, అప్పటి నుంచి సంచీలో ఒక అయస్కాంతం వేసుకుని తిరిగేవారు. దానికి సంచీలోని పిన్నీసులు, తలపిన్నులు, తాళంచెవులు అన్నీ కరుచుకుని ఉండేవి. బయటికి తీస్తే ముళ్లపంది పిల్లను తీసినట్టుండేది. ఒకనాడు రూపాయి బిళ్ల కూడా దానికి అంటుకుంది. అది కూడా స్టీలేనని పిల్లలు చెప్పాక, ఆమె చాలాసేపు ఆ బిళ్లను చూసి, "గవర్నమెంటే ఇట్లా చేస్తే ఎట్లా?" అన్నారు.

హాస్టల్ మరుగుదొడ్ల నుంచి నేల కింద ఒక గొట్టం పోతుంది. దొరల కాలంలో వేసిన పింగాణీ గొట్టం. అది ప్రహరీ గోడ కింద నుంచి, రోడ్డు కింద నుంచి పోయి అవతలి గుంతలో కలుస్తుంది. గోడ దాటిన చోట అది పగిలింది. ఏటా మేస్త్రీ సిమెంటు మెత్తేవాడు, ఏటా వానలకు అది ఊడిపోయేది. మురుగు పైకి ఉబికి రోడ్డు మీద పారేది. ఎదుటి దుకాణాలవాళ్లు లేచి తిట్టకముందే దాన్ని ఊడ్చి, కడిగి, బ్లీచింగ్ పౌడరు చల్లడం నా పని. తెల్లవారుజామున లేచి మొదలుపెడితే పొయ్యి వెలిగించే వేళ దాకా అదే సరిపోయేది.

ఆ ఏడు వేసవి సెలవుల ముందు పైఆఫీసరు ఒకాయన వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "బడులు తెరిచాక మళ్లీ వస్తాను. అప్పటికీ రోడ్డు మీద మురుగు కనబడితే హాస్టల్ మూసేస్తాం" అని చెప్పి పోయాడు. సుజాత అప్పుడు పదో తరగతిలోకి వస్తోంది. మా పల్లెలో హైస్కూలు లేదు. హాస్టల్ మూస్తే నా పనీ, మా ఇద్దరి నీడా, దాని చదువూ అన్నీ ఒకేసారి పోతాయి. మా అన్న ఫోను చేసి, "దాన్ని పంపు, నా మందలోకి మనిషి కావల్ల. కర్ర గూడా చెక్కి పెట్టినాను" అన్నాడు. సుజాత ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు గ్రేసమ్మగారు నన్ను ఆత్మకూరు బస్సెక్కించారు. అక్కడ స్టీలు పని చేసే మస్తాన్ అనే ఆయన ఉన్నాడు. పగిలిన గొట్టం చుట్టూ లోపల రబ్బరు, పైన స్టీలు రేకు చుట్టి, నట్లతో బిగించే పట్టీ ఒకటి ఉంటుందని, అది చేసిపెట్టమని ఆమె అడిగారు.

"ఎన్నాళ్లు ఉంటాది మస్తాన్?"

"ఏం చెప్పేదమ్మా? నాకంటే ఎక్కువ రోజులే ఉంటాది."

"నీకు షుగరు ఉండాది. అది లెక్క కాదు."

మస్తాన్ నవ్వుతూ ఒక రేకు తీశాడు. ఆమె అయస్కాంతం తీసి, దాని ముళ్లన్నీ పీకి నా చేతిలో పోసి, రేకుకు ఆనించారు. అంటుకుంది. ఇంకో రేకు తెప్పించారు. అదీ అంటుకుంది. మస్తాన్ ముఖం చిన్నబోయింది.

"మురుగు గొట్టానికే గదమ్మా! పైన మట్టి పోస్తారు. ఎవురు చూడొచ్చినారు?"

"ఎవురూ చూడరు కాబట్టే మంచిది కావాలంటున్నాను. పైన ఉండేది చెడిపోతే కంటికి కనబడతాది. మట్టి కింద చెడిపోతే ఎవురు చెబుతారు నాకు?"

మూడో రేకుకు అయస్కాంతం జారిపోయింది. నేను లేచి చీర దులుపుకున్నాను. ఆమె మాత్రం నట్ల డబ్బాలో అయస్కాంతం పెట్టారు. టక్కున గుత్తిగా లేచాయి నట్లు.

"పట్టీకి తుప్పు పట్టదు, నట్టుకు పడతాది. నట్టు తెగినాక పట్టీ దేన్ని పట్టుకోని ఉంటాది?"

"స్టీలు నట్లు నెల్లూరు నుంచి రావల్లమ్మా. రేపటికి గానీ రావు."

"సరే, కూర్చుంటాం."

"రేపటికమ్మా!"

"అయితే రేపు గూడా కూర్చుంటాం."

మస్తాన్ మమ్మల్ని కాసేపు చూసి, తమ్ముణ్ణి మోటారు సైకిలు మీద నెల్లూరు పంపాడు.

పట్టీ వచ్చింది గానీ తవ్వేవాళ్లు దొరకలేదు. మండుటెండలో ఆ వాసనలో దిగడానికి ఎవరూ రామన్నారు. గ్రేసమ్మగారే గడ్డపార పట్టుకుని మొదలుపెట్టారు. ఉదయగిరిలో ఎవరైనా నేల తవ్వితే జనం అడిగేది ఒకటే. కొండ మీద కోట ఉంది, కోట కింద రాజుల సొమ్ము ఉందని ఊరంతా నమ్మకం. సాయంత్రానికి సుబ్బరాయుడు వచ్చాడు. గుప్తనిధుల కోసం తవ్వి తవ్వి ఉన్న ఎకరం అమ్ముకున్న మనిషి. వెంట ఇంకో ముగ్గురు, చేతుల్లో పారలు, ఒక నిమ్మకాయ.

"అమ్మా, కింద ఏముండాది?" అని మెల్లిగా అడిగాడు.

గ్రేసమ్మగారు అబద్ధం ఆడరు. "దొరల కాలం నాటిది నాయనా. వాళ్లు పోయినాక ఎవురూ బయటికి తియ్యలా" అన్నారు.

వాళ్లు నలుగురూ కళ్లతోనే మాట్లాడుకుని దిగారు. తవ్వేకొద్దీ వాసన ఎక్కువైంది. ఒకడు పైకి వస్తానంటే సుబ్బరాయుడు ఆపాడు. "వాసనొస్తా ఉందంటే దగ్గిరికొచ్చినట్టే రా! కాపలా ఉండేది అట్టనే బెదిరిస్తాది." నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తాను. గొట్టం బయటపడ్డాక నలుగురూ పారలు కింద పెట్టారు. గ్రేసమ్మగారు నలుగురికీ మజ్జిగ ఇచ్చి, కూలి చేతిలో పెట్టి, "ఎంత నీటుగా తవ్వినావయ్యా సుబ్బరాయుడూ, అంచులు గూడా చెదరలేదు" అని మెచ్చుకున్నారు. సుబ్బరాయుడు నిమ్మకాయ మజ్జిగలో పిండుకుని తాగి వెళ్లిపోయాడు.

మస్తాన్ వచ్చి పట్టీ బిగించాడు. పిల్లలు వచ్చి వాడితే గానీ కారుతుందో లేదో తెలియదని గ్రేసమ్మగారు గుంత పూడ్చనివ్వలేదు. మట్టిలోని పాత మురుగు ఊరి పట్టీ మీదికి చేరినప్పుడల్లా నేను నీళ్లు పోసి కడిగేదాన్ని. ఎండలో ఆ పట్టీ తళతళలాడేది. రోడ్డున పోయేవాళ్లెవరో దాన్ని ఫోనులో తీశారు. "మేట్రనమ్మకు దొరికిన వెండి కడియం" అని ఆ వీడియో చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగింది. బడులు తెరిచి పిల్లలంతా వచ్చి దిగిన రోజున ఎస్సై జీపు కూడా వచ్చి ఆగింది. వెనక సగం ఊరు. ముందు సుబ్బరాయుడు, తను వెళ్లిపోయాక సొమ్ము దొరికిందన్న అనుమానంతో.

"మేడమ్, ఇక్కడ నిధి బయటపడిందంట."

"బయటపడింది నిజమే సార్. మీకు వాసన రాలేదా?"

"ఆ మెరిసేది వెండి కాదా?"

"స్టీలు."

"స్టీలని రుజువేంది?"

ఎవరి ప్రశ్నకూ గ్రేసమ్మగారి ముఖం అంత వెలగడం నేను చూడలేదు. అయస్కాంతం తీసి, చీర ఎగగట్టి, గుంతలోకి దిగి పట్టీకి ఆనించారు. జారిపోయింది. "చూసినారా? అంటుకోలా! అసలైన స్టీలు!"

"వెండికి గూడా అంటుకోదు గదమ్మా!" అన్నాడు సుబ్బరాయుడు పైనుంచి.

ఆమె అయస్కాంతాన్ని ఒకసారి, పట్టీని ఒకసారి చూశారు. మస్తాన్ చూపిన మొదటి రేకు కొని ఉంటే ఈపాటికి గండం గడిచేది. మంచి సరుకు కొన్నందుకు ఇరుక్కున్నాం.

"విప్పండి. స్టేషన్లో పెట్టి కంసాలిని పిలిపిస్తాం. తేలినాక ఇచ్చేస్తాం" అన్నాడు ఎస్సై. ఆఫీసరు వచ్చేది మర్నాడే. లోపల పిల్లలు అప్పుడే పెట్టెలు విప్పి సామాన్లు సర్దుకుంటున్నారు. సుజాత గేటు పట్టుకుని నా వైపే చూస్తోంది. కానిస్టేబులు పానా తీసుకుని గుంత అంచున కాలు పెట్టాడు.

నాకేమైందో తెలియదు. జనాన్ని తోసుకుని పోయి, చీర కుచ్చిళ్లు పైకెత్తి, పాదం ముందుకు చాపాను. "సార్, నా మెట్టెలు చూడండి. వెండివి. మా అమ్మ పెట్టినవి. ఈ మురుగులో నిలబడి రోజూ ఊడస్తా ఉండాను. ఎట్టయినాయో చూడండి."

నా మెట్టెలు మసిబొగ్గులా ఉన్నాయి.

"అది వెండయితే ఇన్ని దినాలు ఆ గుంతలో ఉండి ఇట్ట మెరస్తాదా? నా కాళ్లమాదిరి అయ్యుండదా?"

జనంలోంచి ఒక ముసలామె, "నిజమే నాయనా, మా కోడలి గజ్జెలు గూడా దొడ్లు కడిగి కడిగి అట్టనే అయినాయి" అంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ కాళ్లు కూడా చూపించబోయారు. ఎస్సై చేతికి వెండి ఉంగరం ఉంది. దాన్ని ఒకసారి చూసుకుని, చెయ్యి జేబులో పెట్టుకుని, గుంతకు రెండడుగులు దూరం జరిగాడు. కానిస్టేబులును పైకి రమ్మన్నాడు. సుబ్బరాయుడు ఇంకా ఏదో అనబోతే ఆడవాళ్లే అతణ్ణి ఇంటికి తోలారు.

గ్రేసమ్మగారు గుంతలోనే నిలబడి ఉన్నారు. ఆమె కళ్లకు సరిగ్గా నా పాదాలు ఎదురుగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉండాయి నీ మెట్టెలు?"

"ఈ గొట్టం పగిలిన కాడి నుంచి అమ్మగారూ."

"నాకు చెప్పలా?"

"మీరు స్టీలునే గదా చూసేది."

ఆమె అయస్కాంతాన్ని కొంగున ముడేసుకున్నారు. చెయ్యి చాపితే పట్టుకుని పైకి లాగాను. పొట్టి మనిషే గానీ బరువు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. గ్రేసమ్మగారు ఆయనకు రోడ్డు పక్కనే కుర్చీ వేయించి, ఈల ఊదారు. పిల్లలంతా ఒక్కసారిగా బకెట్లు కుమ్మరించారు. గొట్టంలో నీళ్లు గుడగుడమంటూ పోయాయి. మట్టి మీద ఒక్క చుక్క లేదు. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఎన్నాళ్లు ఉంటుందిది?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినడం ఆమెకు కొత్త. తడబడకుండా, "మీరు రిటైరైనాక గూడా వచ్చి చూసుకోవచ్చు సార్" అన్నారు. సాయంత్రం గుంత పూడ్చాం. ఆ చోటు ఇప్పటికీ ఎవరూ మళ్లీ తవ్వలేదు.

సుజాత ఇప్పుడు ఆత్మకూరులో నర్సు. మొన్న కొత్త ఫ్రిజ్ తెస్తే నేను ముందు దాని వెనక్కి పోయి నట్లు చూశాను. "అమ్మా, నీకు గ్రేసమ్మగారు పూనినారు" అంది. నిజమే కావచ్చు. ఏది చూసినా మెరిసే భాగం వదిలి, దాన్ని పట్టి ఉంచేది ఎక్కడుందా అని వెతుకుతాను. గ్రేసమ్మగారి శవపెట్టె మూసేటప్పుడు కూడా కన్నీళ్ల మధ్య నా చూపు మేకుల మీదికే పోయింది. ఇనపవి. ఆమెకు తెలిస్తే లేచి కూర్చుని దుకాణం పేరు అడిగేవారు.

ఆఫీసరు వచ్చి వెళ్లిన మర్నాటి ఉదయం నేను ఎప్పటిలాగే చీకటితో లేచి, చీపురు, బ్లీచింగ్ డబ్బా పట్టుకుని గేటు బయటికి వచ్చాను. రోడ్డు పొడిగా ఉంది. రోజూ నేను కడిగే చోట కుక్క ఒకటి కాళ్లు బారజాపి నిద్రపోతోంది. దాన్ని లేపడానికి కూడా నాకు కారణం దొరకలేదు. గ్రేసమ్మగారు వరండాలోకి వచ్చారు.

"ఏంది, ఊరికే నిలబడినావు?"

"ఊడ్చేదానికేం లేదమ్మగారూ."

ఆమె నా చేతిలోంచి చీపురు తీసుకుని గోడకు ఆనించి, హాలు వైపు తల ఊపారు. అక్కడ చిన్నపిల్లలు గొంతెత్తి చదువుకుంటున్నారు. నేను వెనక వరసలో, గోడ పక్కన కూర్చున్నాను. పక్కనున్న రెండో తరగతి పిల్ల కాస్త జరిగి, తన పలక నా ఒళ్లో పెట్టి, పైన ఒక 'అ' రాసిచ్చింది. నేను కింద రాసింది చూసి, చెరిపి, మళ్లీ రాయమంది. కొంతసేపటికి, "పెంచలమ్మత్తా, బలపం నమలబాక" అని కసిరింది. నేను నమలడం మానేసి దిద్దుతూ కూర్చున్నాను. ఆ పూట పిల్లలకు ఉప్మా ఆలస్యమైంది.