మా బావగారి టైర్ల అనుమానం

మా బావగారు విజయసారథి గారిని చేసేటప్పుడు దేవుడు కళ్ళూ చెవులూ పెట్టి, మిగిలిన చోటంతా అనుమానంతో నింపేశాడు. ఎదురింటి కోటయ్య పొద్దున్నే "నమస్కారమండి" అంటే ఈయన "ఎందుకండీ?" అనేవారు. డాక్టరు బీపీ బాగానే ఉందంటే, మిషన్ బాగుందో లేదో ఎవరు చూశారని అడిగేవారు. ఒకసారి తెనాలిలో రేపల్లె రైలెక్కి, "ఇది రేపల్లెలో ఆగుతుందా?" అని గార్డును నిలదీశారు.

"రేపల్లె దాటితే పట్టాలే లేవండి," అన్నాడు గార్డు.

"అని మీకెవరు చెప్పారు?"

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక ఈయన ఒక పాత కారు కొన్నారు. అంతకుముందు దాన్ని నడిపిన కుర్రాడు సోకు కోసం పెద్ద రిమ్ములు పెట్టించి, వెడల్పాటి టైర్లు తొడిగించాడు. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు ఉందో లేదో అన్నట్టుండేది. గుంతలో పడితే దెబ్బ తిన్నగా వెన్నుకే తగిలేది. కాస్త వేగం పెంచితే లోపల పిండిమర ఆడినట్టు హోరు. కొన్న ఏడాది దాకా ఆయన ఆ సంగతే పట్టించుకోలేదు. ఉన్నట్టుండి ఒకరోజు తెనాలి నుంచి బాపట్లలో మా ఇంటికొచ్చి, తాళాలు నా చేతిలో పెట్టారు.

"నువ్వు నడుపు. నేను వెనక కూర్చుంటాను."

"ముందు కూర్చోండి బావగారూ."

"ముందు కూర్చున్నవాడికి వెనకవాడి బాధ తెలీదయ్యా."

కర్లపాలెం దాకా వెళ్ళాం. దారి పొడుగునా ఆయన వెనక సీట్లో ఒరిగి, చెవి తలుపుకి ఆనించి, కళ్ళు మూసుకునే ఉన్నారు. కర్లపాలెం సెంటర్లో ఆపితే ఎవరో ఒకాయన అద్దం తట్టి, "పెద్దాయనకి ఎలా ఉంది బాబూ? ఆసుపత్రికైతే వెనక్కి తిప్పు" అన్నాడు.

"నాకు బాగానే ఉందండి. టైర్లకే బాగోలేదు," అన్నారు బావగారు కళ్ళు తెరవకుండానే.

మర్నాడు తెనాలిలో అభిషేక్ టైర్ల కొట్టుకి నన్నూ లాక్కెళ్ళారు. అభిషేక్ ఓపికున్న మనిషి.

"చిన్న రిమ్ములు పెట్టి ఎత్తు టైర్లు వేద్దాం సార్. టైరు పక్క గోడ మెత్తగా ఉంటే గుంత దెబ్బ అదే మింగేస్తుంది. పైన ఈ గళ్ళు చూశారా, అన్నీ ఒకే సైజు కాదు. అందుకని అన్నీ కలిసి ఒకటే రాగం అందుకోవు. మోత తగ్గుతుంది."

"తగ్గుతుందని ఎవరన్నారు?"

"కంపెనీవాళ్ళండి."

"వాళ్ళు అమ్ముకునేవాళ్ళే కదా."

"పోనీ మీరు దేన్ని నమ్ముతారు సార్?"

బావగారు చాలాసేపు ఆలోచించి, "ఇంకా తేల్చుకోలేదు," అన్నారు.

టైరు మీద తయారైన తేదీ చదివారు. వాసన చూశారు. గాలి ఎక్కువైతే టైరు రాయిలా అవుతుందని విని, ఇంటినుంచి సొంత గేజి తెచ్చారు. కాసేపటికి ఆ గేజి మీద అనుమానమొచ్చి, దాన్ని చూడ్డానికి ఇంకో గేజి అడిగారు. ఎట్టకేలకు కొత్త టైర్లు ఎక్కాయి. సంగం జాగర్లమూడి వైపు కాలవ గట్టున ఒక చుట్టు తిరిగాం. కారు పడవలా సాగింది.

"ఇప్పుడు మాట్లాడితే చక్కగా వినిపిస్తోంది బావగారూ."

"అదే అనుమానంగా ఉంది," అన్నారాయన.

రెండు నెలలు గడిచాక మా అక్కయ్య సీతాలక్ష్మి ఫోన్ చేసింది. ఆ ఇంట్లో అనుమానం ఎప్పుడూ ఒకరికే సరిపోయేది. ఈసారి అది అక్కయ్య గొంతులో వినిపించింది.

"ఒరేయ్, మీ బావ ప్రతి ఆదివారం టైర్లు చూసొస్తానని పొద్దున్నే వెళ్ళి, భోజనాల వేళకి వస్తున్నారు. వెనక సీట్లో కొత్త దిండు కూడా చేరింది. ఈయన కూర్చునేది స్టీరింగు దగ్గర కదరా. ఆ దిండు ఎవరికి?"

అభిషేక్‌ని అడిగాను. "టైర్లకి ఏ రోగమూ లేదండి. సార్ ఆదివారాలు రేపల్లె రోడ్డు మీద పరీక్ష చేస్తారట," అన్నాడు.

ఆ ఆదివారం నేను రేపల్లె వెళ్ళాను. ఊరంతా వెతికితే, కారు లూథరన్ చర్చి ముందు కనిపించింది. లోపల కాంతమ్మ గారు పాట ఎత్తుకుంటున్నారు. ఆవిడ మా బావగారి కాలేజీలోనే తెలుగు చెప్పేవారు, ఉండేది కొలకలూరు. పుట్టిల్లు రేపల్లె కావడంతో చిన్నప్పటినుంచీ ఆ చర్చిలో పాట ఆవిడదే. నడుముకి ఆపరేషనయ్యాక బస్సు మానేశారని విన్నాను. ఆఖరి బెంచీలో బావగారు కూర్చుని, తల పైకెత్తి ఫ్యాను బిగింపులు చూస్తున్నారు.

నన్ను చూడగానే బయటికి లాక్కొచ్చారు.

"నిన్నెవరు పంపారు?"

"అక్కయ్య. ఈ రహస్యం ఏంటి బావగారూ?"

"ఒకసారి పాత టైర్ల మీద ఆవిణ్ణి తీసుకొచ్చాను. నడుము పట్టేసింది. టైర్ల హోరంతా ఆవిడ పెట్టుకునే చెవి మిషన్‌లో దూరి తలనొప్పి వచ్చింది. ఇక పాట మానేస్తానన్నారు. టైర్లు మార్చాక రమ్మన్నా రానన్నారు. ఒకరికి శ్రమ ఇవ్వని మనిషి. అందుకని, ఈ టైర్ల మీద నాకు అనుమానంగా ఉంది, వెనక కూర్చుని మీరే చెప్పాలమ్మా అన్నాను."

"అక్కయ్యకి చెప్పొచ్చుగా?"

"చెబితే దారికని టిఫిన్ కట్టిస్తుంది. టిఫిన్ చూస్తే ఇదంతా తన కోసమేనని కాంతమ్మ గారికి అనుమానం పుడుతుంది. అదెలా పుడుతుందో నాకు తెలీదా?"

ఆయన గాలి చూడ్డానికి కారు వెనక్కి వెళ్ళారు. అప్పుడే ప్రార్థన ముగిసి కాంతమ్మ గారు మెల్లగా నడుచుకుంటూ వచ్చారు.

"టైర్లు ఎలా ఉన్నాయండీ?" అని అడిగాను.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మొదటి వారమే తెలిసింది నాయనా, వాటికేం లోపం లేదని. ఆ మాట చెప్పేస్తే ఆయనకి ఆదివారం పొద్దుపోదు పాపం."

ఇంతలో బావగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆవిడకి తలుపు తీసి పట్టుకున్నారు. కాంతమ్మ గారు కూర్చుని, నడుము వెనక దిండు సర్దుకుని, బాగా ఆలోచించి చెప్పారు.

"సారథి గారూ, వచ్చేటప్పుడు భట్టిప్రోలు దగ్గర వెనక కుడివైపు సన్నగా ఏదో మూలిగిందండి."

బావగారి ముఖం వెలిగిపోయింది.

"నాకూ అనుమానంగానే ఉందమ్మా," అన్నారు. "వచ్చే ఆదివారం మళ్ళీ చూడాల్సిందే."