ముక్కుపుడక మీద నాన్న ఊపిరి

అమ్మ ముక్కుపుడకలోది గాజురాయేమోనని మేనత్త అనింది. అవ్వ వదిలిపోయిన ఒక్కగానొక్క వజ్రమది. తేల్చుకుందామని బయల్దేరితే రాబర్ట్‌సన్‌పేట బజారంతా కలలోలా మా వెనకే తేలుతూ వచ్చింది.

"ఊదప్పా. అసలుదైతే ఆవిరి నిలవదు," అన్నాడు నగల అంగడాయన నాన్నతో.

తడిపితేనే రాతిలో బంగారు గీత కనబడుతుందని సర్కారు గనిలో వెయ్యేళ్లు రాళ్లు నాకిన మనిషి నాన్న. అలవాటుగా వజ్రాన్నీ నాకి, ఊదినాడు. ఆవిరి కదల్లేదు. అమ్మ మొహం మబ్బేసింది.

"వజ్రాన్ని యాడన్నా నాకుతారా అప్పా!" అని నవ్వి, అంగడాయన తుడిచిచ్చినాడు.

ఈసారి రెప్ప పడేలోగా ఆవిరి మాయమైంది. అమ్మ పుడక పెట్టుకునింది. ఆ మెరుపుకు సూర్యుడు సిగ్గుపడి, మేము కోరమండల్‌లోని మా ఇల్లు చేరేదాకా మబ్బుచాటునే ఉన్నాడు.