మేకతో చెప్పిన మాట

ఏలూరులో ఉద్యోగం దొరక్కనే నేను ఈ కొల్లేటి లంకకు పంతులమ్మగా వచ్చానని మా ఇంట్లో అందరి నమ్మకం. దొరికింది. నేనే వద్దన్నాను. ఆ మాట ఎవరూ చెవిన పెట్టరు.

ఈ రోజు శనివారం కదా, ఇంటికి వెళ్దామని సాయంత్రం రేవుకు వెళ్ళాను. మూడు దోనెలు ఖాళీగా ఉన్నాయి. "పెదపాడు వైపు దింపుతారా అండీ?" అని అడిగితే దోనెవాళ్ళు ముగ్గురూ నీళ్ళవైపు తిరిగారు. నిన్నటిదాకా పిలిచి ఎక్కించుకున్నవాళ్ళే.

పక్కనే మేకకు గడ్డి పెడుతున్న సూరమ్మవ్వ దానితో అంది: "ఇన్నావటే? మొగుడు పోయిన రత్తమ్మకి చేపల్లో వాటా లేదన్నారని ఈ పంతులమ్మగారు తాసీల్దారుగారికి అర్జీ రాసిచ్చారంట. పెద్దలు కట్టు పెట్టేశారు. ఈవిడతో మాటాడినా, దోనె ఎక్కించినా తప్పే. నేను నీతోనేగా మాటాడతన్నాను! ఈ పూట తలుపు గడియ గట్టిగా ఏసుకోమని చెప్పవే."

నవ్వుకుంటూ బడి పక్కనున్న నా గదికి తిరిగొచ్చాను. తలుపుకు గడియ లేదు. పొద్దున ఉంది.

మేకతో కబురు పంపే ఊరు మీరెక్కడైనా చూశారా? చూస్తే నాకు రాయండి.

తలుపుకు బల్ల అడ్డం పెట్టాను. సోమవారం బడి తెరుస్తాను. రత్తమ్మకు రెండో అర్జీ కూడా నేనే రాస్తాను.