పక్క గదిలో గంప

నా చిన్నప్పుడు మా అమ్మ ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. అది దేవుడి పిడికెడు. మా పల్లెలో పొయ్యి వెలిగే ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఉండేది. వారమంతా పోగైనవాటిని ఆదివారం గుడికి తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు మా నందిగామ సంఘంలో పిల్లలు దీన్ని పిడికెడు బియ్యం అంటుంటారు. ఆ మాట సరికాదు. మాది జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలు వెళ్లే దారిలో మెట్ట ఊరు. వరి అన్నం పండగపూట మాత్రమే తినేవాళ్లం. రోజూ తిననివాళ్లింట్లో బియ్యం పిడికెడు ఎక్కడిది? మేం తీసినవి జొన్నలు.

గుడి అంటే మా చర్చి, మట్టిగోడల తాటాకు పాక. వారం రోజులూ అదే మా బడి, ఆదివారం అదే గుడి. మాకు చదువు చెప్పేదీ, ఆదివారం వాక్యం చెప్పేదీ ఒక్కరే, మా పంతులుగారు. ఆయన భార్యను అందరం అమ్మగారు అనేవాళ్లం. ఆయనకు మిషను నుంచి రావాల్సిన జీతం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఇంట్లో ఆరుగురు తినేది ప్రధానంగా మా పిడికెళ్లే. ప్రసంగం అయ్యాక ఆడవాళ్లందరూ చాపల మీద నుంచి లేచి, వరసగా ముందుకెళ్లి, పంతులుగారి బల్ల ముందున్న పెద్ద గంపలో ఎవరి జొన్నలు వాళ్లు పోసేవాళ్లు. మగవాళ్లు పక్కన కూర్చుని చూస్తుండేవాళ్లు. ఎవరి కుండ నిండుగా వచ్చింది, ఎవరిది అడుగున ఆడుతోంది, అన్నీ కనబడేవి. అందులో తప్పుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకైతే ఆ వరస చూడటం ఇష్టం కూడా.

నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడాది వానలు మొహం చాటేశాయి. చేలో జొన్న కంకి పట్టకుండానే ఎండింది. కూలి పనులు లేవు. మా పక్కింటి అక్క భర్త సున్నపు బట్టీలో పనికని జగ్గయ్యపేట వెళ్లి, దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చి మంచాన పడ్డాడు. అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆమెది మంచి గొంతు. గుడిలో కీర్తన ఎత్తుకునేది ఆమే. అలాంటి మనిషి గుడికి రావడం మానేసింది. ఒక వారం పిల్లాడికి జ్వరమంది. మరో వారం నడుం పట్టేసిందంది. ఆ తర్వాత అడిగేవాళ్లు లేరు. కష్టం వస్తే దేవుడి మీద అలిగిందని కొందరన్నారు. ఆమె లేకపోతే మన పాట చెరువుగట్టున దున్నపోతుల అరుపులాగా ఉందని మా మేనత్త నవ్వించింది.

ఒక సాయంత్రం అమ్మగారు పల్లెలోకి వచ్చారు. నేను అక్క చంటిదాన్ని చంకన వేసుకుని వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను. అమ్మగారు అక్క భర్త మంచం దగ్గర కూర్చుని ప్రార్థన చేసి, లేస్తూ పొయ్యి వైపు చూశారు. పొయ్యిలో బూడిద కూడా చల్లబడి ఉంది. ఆదివారం రమ్మని పిలిచారు. అక్క తల వంచుకుని చెప్పింది.

"ఒట్టి చేతుల్తో ఎట్టా వచ్చేదండీ? అందరూ వరసలో లేస్తే నేనొక్కదాన్నే చాప మీద కూర్చోవాలి గదండీ."

దేవుడు అడగడమ్మా అనో, మరొకటో అమ్మగారు చెబుతారనుకున్నాను. ఆవిడ ఆ పొయ్యి వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం బల్ల ముందు గంప లేదు. తలుపు తీసి ఉంచితే కోళ్లు లోపలికొచ్చి జొన్నలు చెల్లాచెదురు చేస్తున్నాయని, అందుకని గంపను పక్క గదిలో పెట్టించామని అమ్మగారు చెప్పారు. అది మా పలకలు, బెత్తాలు పెట్టుకునే ఇరుకు గది. దానికి గుడిలో నుంచి ఒక తలుపు, పంతులుగారి పెరట్లోకి ఇంకో తలుపు. చోటు చాలదు కాబట్టి ఒక్కొక్కరే వెళ్లాలి, తలుపు దగ్గరగా వేసుకోవాలి, పోసి పెరటి దారిన బయటికి రావాలి. గాలికి దుమ్ము రేగుతోంది కాబట్టి ఇంటి దగ్గర నుంచే కుండ మీద గుడ్డ కప్పుకుని రావాలి. ఇవీ ఆవిడ చెప్పిన నియమాలు. కోళ్ల మాట నిజమే. కానీ కోళ్లు నేను పుట్టక ముందు నుంచీ వస్తూనే ఉన్నాయి.

మా సంఘపెద్దను అందరం పెద్దయ్య అనేవాళ్లం. గంపలో జొన్నలు మానికతో కొలిచి పంతులుగారికి అప్పగించేది ఆయనే. ఈ కొత్త పద్ధతి ఆయనకు నచ్చలేదు. "ఇన్నాళ్లూ దేవుడి ఎదట పోశాం. ఇప్పుడు చీకటి గదిలో పొయ్యమంటే ఎట్టా అమ్మగారూ?" అన్నాడు.

"ఆ గదిలోకి దేవుడు రాడంటారా పెద్దయ్యా?" అన్నారు ఆవిడ. ఆడవాళ్లు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు గానీ ఊరుకున్నాడు.

గంప చోటు మారిందని ఎవరో చెప్పారేమో, తర్వాతి వారం అక్క గుడికి వచ్చింది. గుడ్డ కప్పిన కుండ ఒళ్లో పెట్టుకుని కీర్తన ఎత్తుకుంది. పాట తప్పలేదు. మా అమ్మ బాలింత కావడంతో మా కుండ నేను తెచ్చాను. వరసలో అక్క వెనకే నిలబడ్డాను. ఒకరు లోపలికి వెళ్లినప్పుడల్లా జొన్నలు జొన్నల మీద పడే చప్పుడు తలుపు సందులోంచి వినిపించేది. అక్క వెళ్లింది. ఆ చప్పుడు రాలేదు. కాసేపటికి ఏదో గీరినట్టు చిన్న శబ్దం వచ్చి ఆగింది. పెరటి తలుపు కిర్రుమంది.

నేను లోపలికి వెళ్లేసరికి గంపలో ఒక పక్క గింజలు గుంట పడి ఉన్నాయి. ఆ గుంటలో గింజలు కొలిచే సోల ఒకటి ఉంది. నాకు కొలతలంటే చిన్నప్పటినుంచీ శ్రద్ధ ఎక్కువ. నిలబడి ఆలోచించాను. కుండలో తెచ్చినవి పొయ్యడానికి సోల అక్కర్లేదు. గంపలోంచి తీసుకోవాలంటేనే సోల కావాలి. అది ఎవరో మరిచిపోయింది కాదు. కావాలనే పెట్టారు. పెరటి తలుపులోంచి చూస్తే అక్క దొడ్డిదారిన పోతోంది. ఒళ్లో తేలిగ్గా ఉన్న కుండ ఇప్పుడు నడుం మీద బరువుగా ఉంది.

అమ్మగారు పెరట్లో మునగచెట్టు కింద, గదివైపు వీపు పెట్టి కూర్చుని ఆకు దూస్తున్నారు. నేను దగ్గరికెళ్లి, అమ్మగారూ, గంపలో అని మొదలుపెట్టాను. ఆవిడ తల తిప్పలేదు.

"నీ జొన్నలు పోశావా?"

"పోశానండీ."

"నువ్వు పోసింది నీకు తెలిస్తే చాలు. మిగతాది నాకూ తెలవదు. తెలవకూడదనే ఇటు తిరిగి కూర్చున్నా."

అంతే. మళ్లీ ఆకు దూసుకోవడంలో పడ్డారు. కోప్పడలేదు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టూ వేయించుకోలేదు. నేను ఇంటికి వచ్చాను. అమ్మకు కూడా చెప్పలేదు.

కానీ పెద్దయ్యకు మానిక ఉంది కదా. ఇంకో రెండు మూడు వారాలు పోయాక ఆయన ప్రార్థన అవ్వగానే అందరినీ కూర్చోమన్నాడు. గుడికొచ్చే జనం పెరిగారు, గింజలు తగ్గాయి, ఇదేం లెక్కో చెప్పమన్నాడు. ఆయన కోపంలో అన్యాయం లేదు. పంతులుగారి పిల్లలు అర్ధాకలితో ఉంటున్నారని ఆయన బాధ. ఇక నుంచి గంప మళ్లీ బల్ల ముందే ఉంటుందన్నాడు. అక్క చేతులు కుండ మీద బిగిసిపోవడం నేను చూశాను. ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. అప్పటిదాకా అక్క ఒక్కతే అనుకున్నాను నేను.

పెద్దయ్య చూపు నా మీద పడింది. "అమ్మాయ్, నువ్వు ప్రతి వారం వరసలో ఉంటున్నావు గదా. ఏమన్నా చూశావా?"

"నేను పోసింది చూశానండీ," అన్నాను.

ఆయన ఇంకా ఏదో అడగబోతుంటే అమ్మగారు లేచారు. "తగ్గితే మా గిన్నెలో తగ్గింది పెద్దయ్యా. మేం అడగలేదు గదా. గంపను అక్కడే ఉండనివ్వండి."

పెద్దయ్య ఆవిడ వైపు, తర్వాత పంతులుగారి వైపు చూశాడు. పంతులుగారు తల ఊపారు. అప్పుడు పెద్దయ్యకు అర్థమైందని నా నమ్మకం. చేతిలో మానికను బల్ల కింద పెట్టేసి, ఇంక కొలవనని చెప్పి బయటికి వెళ్లాడు. గంప పక్క గదిలోనే ఉండిపోయింది. అక్క మరుసటి వారం కూడా వచ్చి పాడింది.

ఆ తర్వాత గంప దానంతటది నిండిందని రాస్తే వినేవాళ్లకు బాగుంటుంది. అలా జరగలేదు. ఆ ఎండాకాలమంతా పంతులుగారి ఇంట్లో మునగాకు ఎక్కువ, గింజ తక్కువ. వాళ్ల చిన్నబ్బాయి మెడ ఎముకలు తేలడం నేను కళ్లారా చూశాను. అమ్మగారు చేసినదానికి ఆ పిల్లలు కూడా మూల్యం చెల్లించారు. ఆ సంగతి వదిలేసి ఆవిడను పొగడటం నాకు సరిగా అనిపించదు. మరుసటి ఏడాది వానలు కురిశాయి, అక్క భర్త లేచి పనికి పోయాడు. ఒక ఆదివారం అక్క పక్క గదిలోకి వెళ్లినప్పుడు జొన్నలు పడే చప్పుడు బయటికి వినిపించింది. చాలాసేపు వినిపించింది.

నేను చదువుకుని టీచరు ఉద్యోగం చేసి నందిగామలో రిటైరయ్యాను. ఇక్కడి స్త్రీల సమాజంలో కొన్నేళ్లుగా కోశాధికారిని. ఇప్పుడు క్రిస్మస్‌కు పేదవాళ్లకు చీరలు పంచుతుంటారు. మైకులో పేరు పిలిచి, స్టేజీ మీద ఫొటో తీయించి ఇవ్వడం మొదలుపెట్టారు. నేను ఒప్పుకోలేదు. చీరలు వెనక గదిలో పెట్టమన్నాను. ఒకామె రెండు తీసుకుపోతే ఎట్టా ఆంటీ అని సెక్రటరీ అడిగింది. తీసుకుపోతుంది అన్నాను. ఆ పిల్లకు నా జవాబు నచ్చలేదు. ఇప్పటికీ ఏటా ఈ వాదన జరుగుతూనే ఉంది. ఒక్కో ఏడు నేనే ఓడిపోతాను.

ఇంట్లో మాత్రం నా మాటే చెల్లుతుంది. ఎవరైనా గింజలకని వస్తే బియ్యం డబ్బా చూపించి, కావలసినంత తీసుకోమని చెప్పి నేను వరండాలోకి వస్తాను. ఎంత తీసుకుందో చూసుకోవద్దా అత్తయ్యా అని మా కోడలు గొణుగుతుంది. పాలవాడు చారెడు తక్కువ పోసినా వెనక్కి పిలిచే మనిషిని నేను. వరండాలో నిలబడినంతసేపూ లోపలికి తొంగి చూడాలని మెడ లాగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లయినా అది పోలేదు. వీధి వైపే చూస్తూ నిలబడతాను.